తడిక ఇవతల

ఇంజను మొదటి తిప్పుకు ఎప్పుడూ లేవదు. ఎలీషబా చీరకొంగు నడుముకు దోపి, ఎడమకాలు రాయికి తన్నిపెట్టి, రెండు చేతులా చక్రం పట్టి తిప్పింది. ఒకసారి దగ్గి ఊరుకుంది. మళ్ళీ తిప్పింది. ఈసారి నల్లటి పొగ కక్కి, చూరుకింది పిచ్చుకలన్నీ లేచిపోయేట్టు అరుస్తూ అందుకుంది. ఆమె కాసేపు అక్కడే నిలబడి విన్నది. చప్పుడు ఒక తీరున సాగాక, గోడవారగా కొట్టంలోకి పోయే ఇనప గొట్టం మీద అరచెయ్యి ఆనించింది. గొట్టం సన్నగా వణుకుతోంది. గాలి లాగుతోందన్నమాట.

వీరభద్రయ్య కొట్టంలో పాడి బర్రెలు ఆరు. ఆయన అసలు వ్యాపారం మార్కాపురం బజారులో నూనె, బెల్లం, చింతపండు. పాడి ఇంటి అవసరానికి మొదలై, కచేరీ గుమాస్తాల ఇళ్ళకూ కోటేశ్వర్లు కాఫీ హోటలుకూ పోసేదాకా పెరిగింది. ఇంతలో పాలు పితికే రంగయ్యకు వేళ్ళు కొంకర్లు పోయాయి. రంగయ్య తన కొడుకు దగ్గరికి చంద్రశేఖరపురం వెళ్ళిపోయాడు. అది యుద్ధం ఆగిన మరుసటి ఎండాకాలం. బంగళా దొర తన దేశానికి పోతూ సామానంతా అమ్మకానికి పెట్టాడు. మంచాలు, బీరువాలు ఎవరికి వాళ్ళు కొనుక్కుపోయారు. పాలు పితికే యంత్రం చుట్టూ మాత్రం అందరూ తిరిగి చూసి, నవ్వి వదిలేశారు. వీరభద్రయ్య కొన్నాడు. కొన్నాకగాని దాన్ని నడిపే మనిషి కావాలన్న సంగతి ఆయనకు తట్టలేదు. బంగళాలో ఆవులకు దాన్ని తగిలించిన మనిషి ఎలీషబా. అట్లా యంత్రంతో పాటు ఆమె కూడా ఈ కొట్టానికి వచ్చింది.

ముందు వంకరకొమ్ము బర్రె. దూడను విడిచి, అది నాలుగు గుక్కలు కుడిచి బర్రె చేపి పొదుగులోకి పాలు దిగగానే దాన్ని లాగి, తల్లి ముందర కట్టేసింది. వేడినీళ్ళలో గుడ్డ పిండి పొదుగంతా తుడిచింది. తరువాత నాలుగు గొట్టాలూ ఒకదాని తరువాత ఒకటి చన్నులకు తొడిగింది. ఆవులకు చేసిన గొట్టాలు అవి, బర్రెలకు ఇరుకు. లోపలి రబ్బరు ఎప్పుడో పగిలిపోయింది. కొత్తది దొరక్క, సైకిలు ట్యూబు కోసి దారంతో బిగించి కట్టింది ఎలీషబాయే. బకెట్టు మూత మీద పిడికెడంత ఇత్తడి డబ్బీ ఉంది. అది టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ ఒకసారి లాగుతుంది, ఒకసారి వదులుతుంది. దూడ కుడిచినట్టే. బంగళా వంటమనిషి దానికి గుండెకాయ అని పేరు పెట్టాడు. ఎలీషబా కూడా అట్లాగే అంటుంది.

బకెట్టు నిండగానే ఆమె మూత విప్పి దూరంగా జరుగుతుంది. వీరభద్రయ్య భార్య సుబ్బరత్నమ్మ వచ్చి, బకెట్టు ఎత్తుకుపోయి వడగట్టుకుంటుంది. పూటకు ఒక చెంబు పాలు ఎలీషబాకు. చెంబు నేల మీద పెడితే సుబ్బరత్నమ్మ నిలువునా పైనుంచి పోస్తుంది. ఒక్క చుక్క బయట పడకుండా పోస్తుంది. అలవాటైన చెయ్యి.

ఆ చెంబుల కోసమే ఎలీషబా వచ్చేది. కూతురు దయామణి పురిట్లో జ్వరం పడి లేచేసరికి రొమ్ములు ఎండిపోయాయి. పసిబిడ్డకు ఈ పాలే దిక్కు. అంతకు ముందు దయామణికి పుట్టిన ఇద్దరూ నిలవలేదు. రెండోదాన్ని పూడ్చి వచ్చిన రోజు నుంచి ఎలీషబాకు లోపల ఏదో మొద్దుబారిపోయింది. ఏడుపు రాలేదు. తరువాతైనా వస్తుందనుకుంది. రాలేదు. తింటే తిన్నట్టు లేదు, పండుకుంటే పండుకున్నట్టు లేదు. పని మాత్రం చేతులు వాటంతట అవే చేసుకుపోయేవి.

ఆ ఉదయం ఆమె పేడ ఎత్తుతుండగా కోటేశ్వర్లు తనే వచ్చాడు. రోజూ క్యాన్లకు మనిషిని పంపేవాడు పొద్దున్నే స్వయంగా రావడం చూసి వీరభద్రయ్య దుకాణానికి పోబోతున్నవాడల్లా ఆగాడు.

"పాలు బాగనే ఉండాయి బావా. నీళ్ళ మాట కాదు నేను చెప్పేది," అన్నాడు కోటేశ్వర్లు.

"మరేంది?"

"కచేరీ పెద్దగుమాస్తా నిన్న కాఫీ లోటా కింద పెట్టి అడిగినాడు, ఈ పాలు ఎవరు పితికినవని."

"మిషను పితికింది. చెయ్యి తగిలే పనే లేదు. నువ్వే వచ్చి చూసిపోయినావు గదా."

"మిషను పితికింది, సరే. మిషనును తగిలించింది ఎవరు?"

ఎలీషబా పేడతట్ట గోడ దగ్గరికి తీసుకుపోయి బోర్లించి, మళ్ళీ వచ్చింది. వాళ్ళు ఆమెను పిలవనూ లేదు, పక్కకు పొమ్మననూ లేదు. బర్రెల మధ్య ఇంకో బర్రె నిలబడి ఉన్నట్టే మాట్లాడుకున్నారు.

"కొట్టంలో పేడ ఎత్తితే ఎవురూ అడగరు. పేడ ఎత్తే చెయ్యి వేరు, పాలకాడ చెయ్యి వేరు. నేను పెట్టిన రివాజా ఇది? హోటలు మూసుకోమంటే మూసుకుంటా," అన్నాడు కోటేశ్వర్లు. కోపంగా అనలేదు. వానలు వెనకబడ్డాయని చెప్పినట్టు చెప్పాడు.

ఆయన వెళ్ళాక వీరభద్రయ్య చాలాసేపు ఇంజను వైపు చూస్తూ నిలబడ్డాడు. చెడ్డమనిషి కాదు ఆయన. పనివాళ్ళను నోరెత్తి తిట్టడం ఎలీషబా ఎప్పుడూ వినలేదు.

"నిన్ను పొమ్మనడం లేదు ఎలీషబా," అన్నాడు చివరికి. "ఇంజనుకూ కొట్టానికీ నడుమ తడిక కట్టిస్తా. నువ్వు ఇవతల ఇంజను చూసుకో. మా చిన్నకోడలు అవతల నిలబడి మిషను తగిలిస్తది. పని పట్టుబడేదాకా నోటితో చెప్పు. పట్టుబడినాక చూద్దాం."

"చూద్దాం" అంటే ఏమిటో ఆమెకు అర్థమైంది. ఇంజను తిప్పడం నేర్చుకోవడానికి మగవాడెవడికైనా ఒక పూట చాలు.

"చెంబు పాలు అయ్యా?"

"వచ్చినన్ని దినాలు పోస్తారు."

ఆమె తల ఊపి తట్ట ఎత్తుకుంది. కోపం రావాల్సింది. వస్తుందేమోనని కాసేపు చూసింది కూడా. ఎవరో తన చెయ్యి గిల్లుతుంటే, ఆ చెయ్యి వేరొకరిదైనట్టు ఉంది.

కందికంపతో కట్టిన తడిక సాయంత్రానికల్లా లేచింది. నిలువెత్తుది. సందుల్లోంచి అవతలి మనిషి నీడలాగా కనిపిస్తుంది తప్ప ముఖం కనిపించదు.

చిన్నకోడలు చెన్నమ్మ గిద్దలూరు పిల్ల. కాపురానికి వచ్చి ఏడాది కాలేదు. పుట్టింట్లో పాడి లేదు. బర్రె తల విదిలిస్తే గోడకు అంటుకుపోయేది. మొదటి పూట తడిక అవతలి నుంచి ఆమె గొంతు పిల్లికూన గొంతులాగా వచ్చింది.

"ఏమే ఎలీషబా, ఇప్పుడేం చెయ్యాల?"

"దూడను విడిసినావా చిన్నమ్మా?"

"విడిసినా."

"కుడుస్తాందా? తోక చూడు. తోక ఆడిస్తాంటే పాలు దిగినట్టు. అప్పుడు లాగు. ఊరికే లాగితే రాదు, మెడకాడ పట్టుకో."

గిట్టల చప్పుడు, చెన్నమ్మ ఆయాసం, ముంత దొర్లిన చప్పుడు. ఎలీషబా ఇవతల ముక్కాలిపీట మీద కూర్చుని, అన్నీ చెవులతో చూసింది.

"ఇప్పుడు గొట్టం. పైపు కిందికి మడిసి పట్టుకోవాల. నిటారుగా పట్టుకుంటే గాలి పోతది. చన్ను దగ్గరికి పెట్టినాక పైపు వదులు. అదే పట్టుకుంటది."

ఫుస్సు మని గాలి పోయిన చప్పుడు. ఇంకోసారి. మూడోసారి. బర్రె కాలు విసిరింది. గొట్టాలన్నీ పేడలో పడ్డాయి. చెన్నమ్మ గోడ దగ్గర నిలబడి ఏడుస్తోందని తెలుస్తోంది. మామూలుగా అయితే ఎలీషబా ఒక్క అడుగు వేసి నాలుగు గొట్టాలూ తొడిగి వచ్చేది. తడిక వైపు చూసింది. కూర్చున్న చోటి నుంచి లేవలేదు.

"కడుక్కో చిన్నమ్మా. నాలుగూ కడుక్కో. ఎడమచెయ్యి బర్రె తొడ మీద ఆనిచ్చి పెట్టు. అది తన్నాలనుకుంటే ముందు తొడ బిగిస్తది. నీ చేతికి తెలుస్తది."

ఆ పూట ఆరు బర్రెలు అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. క్యాన్లకు వచ్చినవాడు బయట అరుగు మీద కూర్చుని రెండు బీడీలు కాల్చాడు.

ఇంటికి పోతే దయామణి గుడ్డ వత్తి పాలలో ముంచి బిడ్డ నోట్లో పెడుతోంది. బిడ్డ చప్పరిస్తూ మధ్యలో అలిసిపోయి కళ్ళు మూసుకుంటోంది. ఎలీషబా మొగుడు పిచ్చయ్య పలకల గని నుంచి ఇంకా రాలేదు.

"అన్నీ చెప్పేస్తాండావా ఆ అమ్మికి?" అంది దయామణి.

"చెప్పకుంటే బర్రె పొదుగు పాడైతది."

"పాడైతే అయితది. బర్రె నీదా?"

ఎలీషబా కాళ్ళు కడుక్కుంది. బర్రె తనది కాదు. పాలు తనవి కావు. ఇంజను తనది కాదు. కానీ గుండెకాయ తప్పు కొట్టుకుంటుంటే వింటూ కూర్చోవడం ఆమెకు చేతకాదు. అది మంచితనమని కూడా ఆమె అనుకోలేదు. రాయిని పైకి విసిరితే కింద పడుతుంది. అట్లాంటిదే ఇదీ.

"గొంతు పట్టుకుపోయిందేమ్మా నీకు?" అంది దయామణి.

"ఇంజను చప్పుడులో అరవాల గదా."

రెండు మూడు రోజులకు చెన్నమ్మ ఏడవడం మానేసింది. ఒక్కో బర్రెకూ ఒక్కో పేరు పెట్టుకుంది. ఫుస్సులు తగ్గాయి. ఎలీషబా అరచెయ్యి ఇనప గొట్టం మీద ఆనించి కూర్చునేది. గుండెకాయ సరిగ్గా కొట్టుకుంటే గొట్టంలో కూడా ఆ కొట్టుడు అందుతుంది. ఎక్కడన్నా గాలి పోతుంటే చేతికి తెలిసిపోతుంది.

"ఎడమపక్క వెనకది జారతాంది చిన్నమ్మా."

"నీకెట్ల తెలుసు? కనపడతాందా?"

"లేదు. గొట్టం చెప్తాంది."

తడిక అవతల చిన్న నవ్వు వినిపించింది. పని మధ్యలో చెన్నమ్మ ఏదో ఒకటి మాట్లాడేది. గిద్దలూరు టేషనులో రైలు నీళ్ళు పట్టుకోవడం చూడ్డానికి పోయేవాళ్ళమని, తన తమ్ముడికి ఇంజను డ్రైవరు కావాలని ఉండేదని. ఎదురుగా అయితే ఎలీషబాతో ఆ అమ్మాయి అంత మాట్లాడేది కాదు. ఎలీషబా విని, "అట్లనా" అనేది. ఇంకేమనాలో తెలిసేది కాదు.

చివరి పాల సంగతి కూడా చెప్పింది. యంత్రం ఎంత లాగినా పొదుగులో ఇంకా కాసిని మిగులుతాయి. గొట్టాలు తీసేశాక వాటిని చేత్తో పితికెయ్యాలి. లేకపోతే పొదుగు రాయిలాగా గట్టిపడి, పాలకు బదులు చీము వస్తుంది. ఇన్నాళ్ళూ ఎలీషబా ఆ పాలను గడ్డిలోకి పితికేసేది. తన చెయ్యి తగిలిన పాలు బకెట్టులో పోయకూడదు కాబట్టి.

"అన్ని పాలు గడ్డిలో పోసినావా?" అంది చెన్నమ్మ.

"పోసినా."

"మీ ఇంట్లో పసిబిడ్డ ఉందంటివే."

"ఉంది."

అవతల ఉత్త గిన్నె లాగిన చప్పుడు వచ్చింది. తరువాత అందులోకి పాలధార పడే చప్పుడు మొదలైంది. మొదట తడబడుతూ, తరువాత ఒక తీరున.

ఆ మరుసటి రోజు సాయంత్రప్పూట జరిగింది అది. వంకరకొమ్ము బర్రెకు గొట్టాలు తొడిగి చెన్నమ్మ పక్క బర్రె దూడను విడవబోతోంది. ఎలీషబా చక్రానికి చమురు పోసి, అలవాటుగా గొట్టం మీద చెయ్యి పెట్టింది. కొట్టుడు లేదు. గొట్టం ఊరికే వణుకుతోంది. గుండెకాయ ఆగిపోయింది. అంటే వదలకుండా లాగుతూనే ఉంది.

"చిన్నమ్మా, గొట్టాలు తీసెయ్యి," అని కేకేసింది.

అప్పటికే బర్రె రంకె పెట్టింది. ఎలీషబా ఇంజను ఆపేసింది. ఇంజను ఆగినా పట్టు వెంటనే వదలదు. లోపలి లాగుడు ఇంకా కాసేపు ఉంటుంది. గొలుసు తెగినట్టు చప్పుడు, బకెట్టు దొర్లిన చప్పుడు, తరువాత మెత్తటిదేదో మేత వేసే రాతిగాడికి కొట్టుకున్న చప్పుడు. చెన్నమ్మ గొంతు వినపడలేదు.

ఎలీషబా తడికను తోసింది. కట్టిన తాళ్ళు తెగి తడిక ఒక పక్కకు ఒరిగింది. లోపల చెన్నమ్మ గాడికీ బర్రెకూ మధ్య పడి ఉంది. బర్రె వెనక్కి తన్నుతూ ఆమె మీదికి ఒరుగుతోంది. ఎలీషబా భుజంతో దాని డొక్కలో ఒత్తి నిలబెట్టి, వంగి, చన్నుకూ రబ్బరుకూ మధ్య వేలు దూర్చింది. ఫుస్సుమని ఒక గొట్టం ఊడింది. రెండోది. చివరి రెండూ వాటంతట అవే పడ్డాయి. బర్రె ఒళ్ళంతా ఒకసారి విదిలించుకుని నిలబడిపోయింది. బకెట్టు గాడికి ఆనుకుని పక్కకు వాలి, మూత జారి, పాలు అంచు మీదికి వస్తున్నాయి. ఎలీషబా కుడిచెయ్యి లోపలికి పెట్టి అంచు పట్టి ఆపింది. మణికట్టుదాకా పాలలో మునిగింది. వెచ్చగా ఉన్నాయి. ఎడమచెయ్యి చెన్నమ్మ చంకకింద వేసి లేపింది.

"అవ్వా," అంది చెన్నమ్మ. అని ఆమె భుజం మీద తల పెట్టేసింది.

గడపలో సుబ్బరత్నమ్మ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. ఆమె చూపు కోడలి మీద లేదు. బకెట్టులో ఉన్న చేతి మీద ఉంది.

ఎలీషబా చెయ్యి తీసింది. చెన్నమ్మను గాడి మీద కూర్చోబెట్టి, ఒరిగిన తడిక పక్కనుంచి ఇవతలికి వచ్చేసింది. చేతి నుంచి పాలు చుక్కలు చుక్కలుగా ఇంజను పక్క మట్టిలో పడ్డాయి.

వీరభద్రయ్య దుకాణం నుంచి పరుగున వచ్చాడు. ముందు కోడలినే అడిగాడు, ఎముకకు ఏమీ కాలేదు గదమ్మా అని. భుజం కమిలింది, అంతే. సుబ్బరత్నమ్మ ఆమెను లోపలికి తీసుకుపోయి, తలమీదుగా నీళ్ళు పోసి వచ్చింది. అప్పటిదాకా ఆయన బకెట్టు ముందర నిలబడే ఉన్నాడు.

"పారబొయ్యమంటావా?" అంది సుబ్బరత్నమ్మ.

"ఎవురన్నా చూసినారా?"

"ఎవరు చూస్తారు. మనమే."

బయట అరుగు మీద కోటేశ్వర్లు మనిషి క్యాన్లు ఒకదానికొకటి తాకించి చప్పుడు చేశాడు. పొద్దు గూకుతోందని గుర్తుచేయడం అది.

"ఇంట్లోకి వాడొద్దు," అన్నాడు వీరభద్రయ్య. "మనకు ఆ పక్క బకెట్టులోవి తియ్యి."

తనే వంగి, గుడ్డ వేసి వడగట్టి, ఆ పాలు హోటలు క్యానులో పోశాడు. క్యాన్లవాడు తలకెత్తుకుని వెళ్ళిపోయాడు. ఎలీషబా ఇవతలి నుంచి అంతా చూసింది. అడ్డంగా తడిక లేదు కాబట్టి అంతా కనిపించింది. ఆయన తల ఎత్తితే కళ్ళు కలిసేవి. ఆయన తల ఎత్తలేదు.

సుబ్బరత్నమ్మ చెంబులో పాలు పోయడానికి వచ్చింది. ఎప్పుడూ మెడదాకా పోసేది, ఆ పూట అంచుదాకా పోసింది. దారిలో ఎలీషబా చూసుకుంది, మణికట్టు మీద పాలు ఎండి తెల్లటి పొరలాగా పట్టింది. కడుక్కోవాలని తట్టలేదు. బజారు దాటుతుంటే కోటేశ్వర్లు హోటలులో దీపం పెట్టారు. లోపల బల్లల దగ్గర జనం లోటాలు ఎత్తి ఊదుకుంటూ తాగుతున్నారు. ఆమె వీధికి ఆ పక్కన, వెలుతురు పడని చోట కాసేపు నిలబడింది. ఒకాయన తాగి మూతి తుడుచుకున్నాడు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆమెకూ ఏమీ అనిపించలేదు. నిలబడి నిలబడి కాళ్ళు నొప్పి పుట్టాక ఇంటికి పోయింది.

తెల్లవారి వచ్చేసరికి తడిక మళ్ళీ నిలబెట్టి ఉంది. ఈసారి తాళ్ళకు బదులు తీగెతో కట్టారు. గుండెకాయను విప్పి కడిగి లోపలి మడ్డి తీసి, ఎలీషబా దాన్ని తడిక కింది సందులోంచి అవతలికి తోసింది. చెన్నమ్మ తీసుకుంది.

"భుజం ఎట్లుంది చిన్నమ్మా?"

"ఎత్తితే లాగతాంది. నిన్న నాకు రెండుమార్లు తలకు పోసినారు. బర్రె పడేసినందుకా, నువ్వు లేపినందుకా అని అడగాలనుకున్నా." గుండెకాయను మూత మీద బిగిస్తున్న చప్పుడు. "అడగలేదు."

ఎలీషబా చక్రం తిప్పింది. ఆ రోజు ఆరు బర్రెలకూ ఒక్క ఫుస్సు లేదు. గొట్టాలు ఎప్పుడు తొడిగిందో ఎప్పుడు తీసిందో కూడా తెలియనంత శుభ్రంగా చేసింది చెన్నమ్మ. గుండెకాయ ఎక్కడన్నా బరువుగా కొట్టుకుంటే ఎలీషబా నోరు తెరిచే లోపల తనే మూత మీద తట్టి సరిచేసింది. ఆ మరుసటి రోజూ అంతే. ఎలీషబా ముక్కాలిపీట మీద నోరు మూసుకుని కూర్చుంది. చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

ఆ సాయంత్రం వీరభద్రయ్య ఇంజను దగ్గరికి వచ్చాడు. ఇట్లాంటిది మళ్ళీ జరగకూడదని అన్నాడు. ఏది జరగకూడదో చెప్పలేదు.

"రేపు పొద్దున నేనే నిలబడి చూస్తా. అమ్మాయికి పని వచ్చినట్టయితే, మా దుకాణంలో పిల్లోడికి ఇంజను చూపిచ్చి నువ్వు నిమ్మళంగా ఇంటికాడ ఉండొచ్చు. మనవరాలిని చూసుకుందువు."

"అట్లనే అయ్యా."

ఇంట్లో ఆ మాట చెప్పింది. పిచ్చయ్య గనిలో మేస్త్రీని అడుగుతానన్నాడు, రాళ్ళు మోసే పనికి ఆడవాళ్ళను తీసుకుంటున్నారని. దయామణి ఖాళీ చెంబు తీసి బూడిదతో తోమడం మొదలుపెట్టింది. తోమిన చెంబునే మళ్ళీ తోమింది. ఎలీషబా బిడ్డను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. బిడ్డ ఎముకల మీద ఈ మధ్యే కాస్త కండ పట్టింది. తొడ దగ్గర చిన్న మడత పడింది. ఆమె ఆ మడతను వేలితో తడిమింది. తడిమి చెయ్యి తీసేసింది.

పొద్దున వీరభద్రయ్య ముఖం కడుక్కుని విభూతి పెట్టుకుని వచ్చి, కొట్టంలో గోడవార నిలబడ్డాడు. గడపలో సుబ్బరత్నమ్మ. ఆయన ఇంకా రాకముందే చెన్నమ్మ మొదటి బర్రె పని ముగించింది. ఎప్పటిలాగే నున్నగా, మాట లేకుండా. ఇప్పుడు రెండోది.

ఎలీషబా గొట్టం మీద చెయ్యి పెట్టి కూర్చుంది.

ఫుస్సు.

ఆమె తల ఎత్తింది. మళ్ళీ ఫుస్సుమంది. ఇంకోసారి. భుజం నొప్పేమో అనుకుంది. కాదు. పైపు మడవకుండా నిటారుగా పట్టుకుంటే వచ్చే చప్పుడు అది. ఆ తప్పు చెన్నమ్మ మొదటి రోజు తరువాత చేయలేదు. గొట్టం పేడలో పడింది. బర్రె తల విదిలించింది.

"నాకు రావడం లేదు మామా," అంది చెన్నమ్మ. గొంతులో బెదురు లేదు. ఎలీషబాకు తెలుసు, ఆ గొంతు బెదిరితే ఎట్లా ఉంటుందో.

"ఇన్నాళ్ళ నుంచి ఏం నేర్చుకున్నావమ్మా మరి?"

చెన్నమ్మ వంగి పేడలో పడిన గొట్టం ఏరుకుంది. వీరభద్రయ్య తడిక దగ్గరికి వచ్చాడు. కందికంప సందుల్లో ఆయన తెల్లటి పంచె మాత్రం కనిపించింది.

"ఏం ఎలీషబా. నువ్వు చెప్పు. పని పట్టుబడిందా, లేదా?"

ఇంజను ఒక తీరున కొట్టుకుంటోంది. ఎలీషబాకు అరచేతిలో ఇనుము వణుకు తెలిసింది. ఆ వణుకు చేతి మీదుగా మోచేతిదాకా, అక్కడి నుంచి పైకి ఎక్కి, ఎక్కడో ఒకచోట ఆమెను తాకింది. ఉన్నట్టుండి చాలా భయం వేసింది. తనకు భయం వేసి ఎన్నాళ్ళయిందో ఆమె మరిచిపోయింది. పని వచ్చిందంటే నిజం. రెండు మాటలతో అయిపోతుంది.

"రాలేదయ్యా," అంది. "చెయ్యి ఇంకా బెదురుతాంది. తొందరపడితే మళ్ళీ మొన్నటి మాదిరే అయితది."

మొన్నటి మాట వినగానే పంచె కదిలింది. ఆయన ఒకసారి గడపలో ఉన్న భార్య వైపు తిరిగాడు. రోజూ తను వడగట్టే పాలు ఎంత శుభ్రంగా వస్తున్నాయో, కోడలికి పని వచ్చేసిందో లేదో, సుబ్బరత్నమ్మకు తెలియదా. తెలుసు.

"ఆడపిల్ల. మెల్లగా వస్తది," అంది సుబ్బరత్నమ్మ. అని లోపలికి వెళ్ళిపోయింది.

"సరే కానీండి," అన్నాడు వీరభద్రయ్య. "ఎన్నాళ్ళకు వస్తే అన్నాళ్ళకే రానీ."

ఆయన చెప్పుల చప్పుడు వీధిదాకా పోయింది. కొట్టంలో నీళ్ళు చల్లి గొట్టాలు కడుగుతున్న చప్పుడు. తరువాత ఒకటి, రెండు, మూడు, నాలుగు. గాలి పిసరు పోకుండా నాలుగూ పట్టుకున్నాయి. గుండెకాయ అందుకుంది. ఎలీషబాకు సంతోషం కలగలేదు. తడిక అక్కడే ఉంది. రేపూ ఉంటుంది. రావడం లేదని ఆ పిల్ల చెబుతూ పోయినన్నాళ్ళూ తను ఇవతల కూర్చుని, అవతలివాళ్ళకు ఎప్పుడో వచ్చేసిన పని చెబుతూనే ఉండాలి. అదీ ఒక బతుకే. ముక్కాలిపీటను రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

ఆరో బర్రె అయ్యాక ఇంజను ఆపింది. చప్పుడు ఆగేసరికి ఊరంతా ఒకేసారి వినిపించింది. బజారులో జట్కా, ఎవరిదో దగ్గు, పిచ్చుకలు.

"మీ పాప పేరేంది?" అంది చెన్నమ్మ తడిక అవతలి నుంచి.

ఎలీషబా గుడ్డతో ఇంజను బెల్టు తుడవడం ఆపింది. బిడ్డకు పేరు పెట్టలేదు. ముందు పుట్టిన ఇద్దరికీ పుట్టిన వారానికే పేర్లు పెట్టి, గుడిలో పాదిరితో ప్రార్థన చేయించి, ఆ పేర్లతో పిలిచి పిలిచి పూడ్చిపెట్టారు. ఈసారి ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. బిడ్డ, పాప, ఇది, అది. అంతే.

"సామ్రాజ్యం," అంది ఎలీషబా.

"పెద్ద పేరే."

"పెద్దదే."

ఆ రోజు ఆమె ఆడిన రెండో అబద్ధం అది. మొదటిదాన్ని రేపూ ఎల్లుండీ మళ్ళీ ఆడాలి. ఇది మాత్రం ఇంటికి పోయి దయామణితో చెప్పేదాకానే అబద్ధం. ఆమె గుడ్డ మడిచి ఇంజను మీద పెట్టి, చెంబు తీసుకుని బయలుదేరింది. పాలు తొణకకుండా నడవడం అలవాటు ఆమెకు. ఆ పూట అంచుమీదుగా రెండు మూడు చుక్కలు పడ్డాయి. అయినా నడక తగ్గించలేదు.